డప్పు ఆగిన చోట

ఊరేగింపు పాటలో మాటల్ని ఎవరూ వినరని ఒక నమ్మకం ఉంది. పాట రాయించుకునేవాళ్లు, రాసేవాళ్లు, పాడేవాళ్లు, లారీ మీద బాక్సులు పేర్చి వీధివీధినా దాన్ని మోగించేవాళ్లు, అందరూ ఆ నమ్మకాన్ని సమంగా పంచుకుంటారు. డప్పు దెబ్బ బిగువుగా ఉండాలి. గొంతు దానిమీద స్వారీ చేయాలి. పాట రాయించుకున్నవాడి పేరు నాలుగు సందుల అవతలికి వినబడాలి. మిగిలిందంతా ఖాళీ పూరించడమే. మెట్టుగూడ గ్లోరియా తొమ్మిదేళ్లుగా ఈ నమ్మకానికి చేరగిలబడి పాడుతోంది.

పగటిపూట ఆమె మారేడ్‌పల్లిలో ఒక ప్రైవేటు బడిలో తెలుగు పంతులమ్మ. ఆదివారం ఉదయం చర్చి గాయకబృందానికి పెద్ద. వారంలో రెండు మూడు సాయంత్రాలు మాత్రం ‘సికింద్రాబాద్ కోయిల’. ఆ పేరుతో ఆమె రాసి పాడిన పుట్టినరోజు పాటలు, గెలుపు పాటలు, వర్ధంతి పాటలు రెండువందలకు పైమాటే. వాటిలో నాయకుడు ఎవరైనా ‘అన్న’ అవుతాడు. మొదట్లో అన్నలు ఎన్నికల్లో నిలబడేవాళ్లు, ప్లాట్లు అమ్మేవాళ్లు, చిట్టీలు నడిపేవాళ్లు. ఈ మధ్య మూడు నాలుగేళ్లుగా, వ్యాపారమేమిటో ఎవరూ పైకి అనని అన్నలు వస్తున్నారు. పైకి అనకపోయినా, వాళ్ల పొట్లాల్లో ఏముంటుందో బస్తీలో అందరికీ తెలుసు. గంజాయి ఉంటుంది, అడిగితే బిళ్లలు కూడా ఉంటాయి. పాటలో మాత్రం వాళ్లు సింహాలు, కొండలు, పేదల పాలిటి చెట్టునీడలు. ఆ సింహాలనూ కొండలనూ సమకూర్చేది గ్లోరియానే.

జూలైలో ఒక బుధవారం సాయంత్రం, ముసురులో తడిసిన గొడుగును గుమ్మం పక్కన ఆనించి, ఆమె యుగంధర్ స్టూడియోలోకి వచ్చింది. అది ఒకప్పటి పిండిమర. గోడలకు పాత పరుపులు దిగ్గొట్టి స్టూడియో చేశాడు. వానపట్టిన రోజుల్లో ఇప్పటికీ పరుపుల వెనకనుంచి జొన్నపిండి వాసన వస్తుంది. యుగంధర్ కంప్యూటరు ముందు కూర్చుని దెబ్బలు కత్తిరిస్తున్నాడు. అతని పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కాలుమీద కాలేసుకుని ఒక ఎర్రచొక్కా మనిషి ఉన్నాడు. పేరు దుర్గేష్. ఆ పొట్లాల అన్నల్లో ఒకడైన పర్వతాలన్నకు కుడిచేయి.

"రండ్రి టీచరమ్మా, మీ కోసమే కూసున్న," అన్నాడు దుర్గేష్. "జెర పానం పెట్టి రాయాలె. అన్న బెయిల్ మీద బయటికొచ్చినంక ఇదే మొదటి బర్త్‌డే. ఆదివారం రాంగోపాల్‌పేట్ల షురూ జేసి మన మెట్టుగూడ దాంక ర్యాలీ. ఎప్పటి లెక్క ఆరు బాక్సులు గాదు, పన్నెండు."

"అన్న పేరు ఎన్నిసార్లు రావాలి?"

"లెక్కేంది? ఊపిరి తీస్కున్నప్పుడల్ల రావాలె."

"ఊపిరి తీసుకోవాల్సింది నేను గదయ్యా. నడుమ నాకూ కాస్త వదలండి."

యుగంధర్ తెర మీదనుంచి కళ్లు తిప్పకుండానే నవ్వాడు. దుర్గేష్ జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఈ పనిలో అది రివాజు. పాట కావలసినవాళ్లు ‘పాయింట్లు’ రాసి తెస్తారు: అన్న ఏం చేశాడు, ఎవరిని గెలిచాడు, చివర ఏయే తమ్ముళ్ల పేర్లు పిలవాలి. గ్లోరియా ఆ పాయింట్లను చరణాలుగా తిప్పుతుంది. గీతల నోటుపుస్తకంలోంచి చింపిన కాగితం మీద నీలం సిరాతో, అక్షరాల తలకట్లు బరువుగా వాలిపోయిన దస్తూరీతో, వరుసగా రాసి ఉన్నాయి. జైలుకు పోయినా తల వంచలేదు. బస్తీకి బోరు వేయించాడు. దుష్మన్లు పేరు వింటే వణుకుతారు. తర్వాత ఇరవై రెండు పేర్లు. దుర్గేష్ తన పేరును పదకొండోదిగా, కింద గీత కొట్టి రాసుకున్నాడు. అట్టడుగున రెండు పంక్తులు.

"యాదిల: ఆషర్ తమ్ముడు. అన్న సంచి మోసిండు. పడ్డంక సుత సంచి ఇడ్వలే. గసొంటి నమ్మకం."

గ్లోరియా కాగితాన్ని దీపం దగ్గరికి జరిపి మళ్లీ చదివింది.

"ఈ ఆషర్ ఎవరు?" అంది, తెలియనట్టు.

"ఎర్కలేదా? గా రైల్వే బ్రిడ్జి మీదికెళ్లి పడ్డ పోరడు. ఏప్రిల్ల. మనోడే. అన్నంటే జాన్ ఇస్తుండె."

"సంచి అని రాశావు."

"గదంతా మీరు మంచిగ తిప్పుకోండ్రి టీచరమ్మా. బరువనుండ్రి, బాధ్యతనుండ్రి. పోయినసారి మాలును మల్లెపూలని రాసిండ్రు గదా, అన్న ఎంత ఖుష్ అయిండో! మీకు నేను జెప్పాల్నా?"

మల్లెపూలని రాసింది నిజమే. కాగితాన్ని పాత మడతల వెంటే మడిచి చేతిసంచిలో, దిద్దాల్సిన పిల్లల పరీక్ష కాగితాల మధ్య పెట్టుకుంది.

"ఇది నా దగ్గరే ఉండనీ. చూసుకుంటూ రాయాలి."

"ఉంచుకోండ్రి, ఉంచుకోండ్రి. ఫ్రేం కట్టించుకోండ్రి," అని దుర్గేష్ లేచాడు.

ఇంట్లో ఆమె భర్త నోవహు, రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన మనిషి, రాత్రి భోజనానికి చారు వేడిచేస్తున్నాడు. గ్లోరియా బల్ల మీద కాగితం పరిచి పక్కన ఖాళీ నోటుపుస్తకం తెరిచింది. కలం పట్టుకుని కదలకుండా కూర్చుంది. ఆషర్ పక్కవీధి రోసమ్మ ఒక్కగానొక్క కొడుకు. పందొమ్మిదేళ్లు. ఏప్రిల్‌లో పోలీసులు ఇచ్చిన కాగితాన్ని రోసమ్మకు చదివి వినిపించింది గ్లోరియానే. కాలు జారి పడ్డాడు, చుట్టుపక్కల ఎవరూ లేరు, మృతుడి వద్ద ఏ వస్తువూ లేదు. పంతులమ్మ కళ్లకు అలవాటైన పనిగా ఆ వాక్యాలు వరుసతో సహా గుర్తుండిపోయాయి.

నోటుపుస్తకంలో ఆమె ఆ రాత్రి చరణమేమీ రాయలేదు. ఒకదాని కింద ఒకటిగా రెండు వాక్యాలు రాసింది.

మృతుడి వద్ద ఏ వస్తువూ లేదు.

పడ్డాక కూడా సంచి వదల్లేదు.

రెండూ నిజం కావాలంటే ఆ రెండింటి మధ్య ఒక మనిషి నిలబడి ఉండాలి.

"అదేం పాట?" అన్నాడు నోవహు, భుజం మీదుగా తొంగిచూసి. చదివాక స్టవ్ ఆపి వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. "గ్లోరియా, మనకెందుకే ఇది? ఒంట్లో బాగోలేదని చెప్పి మానెయ్యి. ఇంకెవరో పాడుకుంటారు. అయినా ఆ రొదలో మాటలెవడు వింటాడు?"

"అదే అనుకుంటూ తొమ్మిదేళ్లు పాడానండీ," అంది గ్లోరియా.

గురువారం బడి వదిలాక ఆమె తిన్నగా రోసమ్మ ఇంటికి వెళ్లింది. రోసమ్మ వరండాలో కుట్టుమిషను ముందు కూర్చుని, గాయకబృందం తొడుక్కునే తెల్ల అంగీలకు అంచులు మడిచి కుడుతోంది. ఆమె ఒక నర్సింగ్‌హోములో ఆయాగా పనిచేస్తుంది. సెలవు దొరికిన పూట ఖాళీగా కూర్చోదు. కాళ్లు పెడలు మీద ఒకే తూగుతో ఆడుతున్నాయి.

"రా గ్లోరియా. ఈసారి నీ అంగీకి భుజం దగ్గర వదులుపెట్టాను. పోయిన క్రిస్మస్‌కి చెయ్యెత్తినప్పుడల్లా చిరుగుతుందేమోనని నాకే భయమేసింది."

గ్లోరియా నవ్వలేకపోయింది. పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చుంది.

"అక్కా, పర్వతాలు పుట్టినరోజు పాట నా దగ్గరికొచ్చింది. అందులో మన ఆషర్ పేరు పిలవమన్నారు. వాళ్ల తమ్ముడని. నువ్వు తీసెయ్యమంటే తీసేస్తాను. అసలు పాడొద్దంటే పాడను."

పెడలు ఆగలేదు. గుడ్డ సూది కింద జరుగుతూనే ఉంది.

"ఏం రాశాడో చదువు."

"అక్కా..."

"ఏప్రిల్లో చదివావుగా. ఇదీ చదువు."

గ్లోరియా చదివింది. మిషను చక్రం ఇంకో రెండు చుట్లు తిరిగి ఆగింది. రోసమ్మ సూది పైకెత్తి, గుడ్డ తీసి, వేలాడుతున్న దారాన్ని పళ్లతో కొరికి తెంపింది. గుడ్డను ఒళ్లో పరిచి మడతలు సాపు చేసింది.

"పడ్డాక కూడా వదల్లేదని వీడికెలా తెలిసింది?"

గ్లోరియా కాగితాన్ని మళ్లీ మడిచింది.

"ఏడింటికి పడ్డాడన్నారు. ఎనిమిదిన్నరకి లైను చూసుకునేవాళ్లు చూశారు. ఒక్క గంట ముందు తెస్తే బతికేవాడని డాక్టరుగారు నా మొహమ్మీదే అన్నారు. ఆ గంటలో ఎవరూ లేరన్నాడు ఎస్సై. ఉన్నారన్నమాట. చేతిలోంచి సంచి విడదీసుకుని వెళ్లారన్నమాట. వాడు వదల్లేదంటే, వేళ్లు ఒక్కొక్కటే ఊడదియ్యాలి గదా."

వీధిలో ఎవరో స్కూటరు స్టార్టు చేస్తున్నారు. అది మొరాయిస్తోంది. గ్లోరియా లేచి నిలబడింది.

"ఈ కాగితం ఠాణాలో ఇద్దాం అక్కా. ఇప్పుడే వెళ్దాం, నేనూ వస్తాను."

"రెండుసార్లు వెళ్లాను. మొదటిసారి పొద్దుటినించీ సాయంత్రందాకా కూర్చోబెట్టారు. రెండోసారి, ‘ఎక్కువ మాట్లాడితే గంజాయి కేసు నీ కొడుకు మీదే పడుతుంది, నోర్మూసుకుని ఇంటికిపో’ అన్నారు. ఈ కాగితం ఇస్తే సొరుగులో పెట్టుకుంటారు. సొరుగులో పడ్డ కాగితానికి నోరుంటుందా? ముందు పదిమంది వినాలి. తర్వాత ఇద్దాం."

"ఊరేగింపులో మాటలు ఎవరూ వినరక్కా."

"మరి వినేట్టు పాడు." రోసమ్మ మొదటిసారి ఆమె కళ్లలోకి చూసింది. "ఆడి మాలుని మల్లెపూలు చేశావంట కదా. బస్తీలో పిల్లలు పాడుతుంటే విన్నాను. చర్చిలో నీ పక్కనే నిలబడి పాడతాను, ఒక్కనాడైనా నిన్నడిగానా? ఇప్పుడడుగుతున్నాను. నా బిడ్డకి నీ పువ్వులేమీ పెట్టకు. ఆడెలా రాశాడో అలాగే పాడు."

కుట్టడం పూర్తయిన అంగీని మడిచి గ్లోరియా చేతిలో పెట్టింది. భుజం దగ్గర నిజంగానే రెండు వేళ్ల వదులుంది.

శుక్రవారం సాయంత్రానికి పాట సిద్ధమైంది. మొదటి మూడు చరణాలూ గ్లోరియా ఎప్పటిలాగే రాసింది. సింహం ఉంది. కొండ ఉంది. జైలు గేటు వంగి దండం పెట్టింది. అవి పాడడానికి అరగంట పట్టింది. తర్వాత పేర్ల పిలుపు. పేర్లు ఎప్పుడూ చివరనే పాడిస్తారు. ఎందుకంటే ఆఖరి క్షణందాకా ఎవరో ఒకరు చేరుతుంటారు, ఎవరో ఒకరు అలిగి తప్పుకుంటుంటారు. ఒక్కో పేరునూ విడిగా పట్టుకుని, యుగంధర్ దాన్ని దెబ్బకూ దెబ్బకూ మధ్య ఉన్న సందులో దించుతాడు. ఇరవై రెండు పేర్లయ్యాయి. గ్లోరియా సొంఠినీళ్లు రెండు గుక్కలు తాగింది.

"ఇంగ యాదిల ఒక్కటే మిగిలింది," అన్నాడు యుగంధర్. "నాలుగు దెబ్బలు ఆపుతున్నక్కా."

చనిపోయినవాడి పేరు వచ్చినచోట డప్పు ఆపాలి. ఇది యుగంధర్ గురువుకూ అతని గురువుకూ కూడా ఉన్న నియమం. ఎంత పెద్ద ర్యాలీ అయినా, ఎంత తాగి ఆడుతున్నా, ఆ నాలుగు దెబ్బల మేర మోత ఉండదు. గొంతు ఒక్కటే ఉంటుంది. దాన్ని ఇంతవరకూ ఏ అన్నా కాదనలేదు.

"నాలుగు చాలదు. పదహారు కావాలి."

"పదారా? గంత సేపు ఖాళీ ఉంటే ఆడెటోళ్లు చాయ తాగొస్తరు."

"పాడతాను, విను. తర్వాత చెప్పు."

ఆమె మైకు ముందుకు జరిగి, కళ్లజోడు తీసి, కాగితం చూడకుండా పాడింది. ఎక్కడా గమకం వేయలేదు. క్లాసులో హాజరు పిలిచే గొంతుకు కొంచెం రాగం తగిలించినట్టుంది.

"ఆషర్... రోసమ్మ కొడుకు... పందొమ్మిదేండ్లు...
అన్న సంచి మోసిండు... బ్రిడ్జి మీదికెళ్లి పడ్డడు...
పడ్డంక సుత సంచి ఇడ్వలే... పడ్డంక సుత సంచి ఇడ్వలే..."

యుగంధర్ చెవుల మీది హెడ్‌ఫోన్లు మెల్లగా తీసి మెడలో వేసుకున్నాడు.

"అక్కా, గిది నడ్వదు."

"ఏం తప్పుంది? వాళ్లు రాసిచ్చిందే. ఒక్క మాట మార్చలేదు, చూసుకో." కాగితం అతని ముందు పెట్టింది. "రోసమ్మ కొడుకు, పందొమ్మిదేళ్లు, బ్రిడ్జి. ఈ మూడే నేను కలిపాను. మూడూ అబద్ధం కాదు."

"నువ్వు మార్చకపోవుడే తక్లీఫ్! ఎప్పుడూ మారుస్తవ్ గదా! నువ్వు మంచిగ అబద్ధమాడితే నాకు బేఫికర్ ఉంటది."

"మాటలెవరు వింటరు అక్కా అని నువ్వే కదా నాకు ధైర్యం చెప్పేవాడివి, తొమ్మిదేళ్లనుంచీ."

"దెబ్బ ఉంటే ఎవ్వడు ఇనడు. దెబ్బ ఆగితే..." అని యుగంధర్ నిలిచిపోయాడు. కాగితాన్ని మళ్లీ చదివాడు. ఈసారి పెదవులు కదులుతున్నాయి. "సంచి ఎవడు తీస్కున్నడక్కా మరి?" అన్నాడు.

"చూశావా. నువ్వూ విన్నావు."

"నా షట్టర్ పలగ్గొడ్తరు."

"కొట్టొచ్చు," అంది గ్లోరియా.

యుగంధర్ కుర్చీని వెనక్కి వంచి పరుపుల గోడకేసి చూశాడు. ఎలుకను చేత్తో పట్టుకున్నట్టు మౌసును పట్టుకుని అటూ ఇటూ జరిపాడు.

"ఎనిమిది జేస్త."

"పదహారు."

"బద్మాష్ పనులన్నీ నాతోనే చేయించు," అని, తెర మీద దెబ్బల గీతను పట్టుకుని పదహారు గళ్లు ఖాళీ చేశాడు.

ఏడు గంటలకు దుర్గేష్ పాట వినడానికి వచ్చాడు. నిలబడే విన్నాడు. మొదటి చరణానికి తల ఊపాడు. రెండోదానికి ఫోను చూసుకున్నాడు. పేర్ల పిలుపు మొదలవగానే ఫోను దించి, ఒక్కో పేరుకూ వేలు మడుస్తూ వచ్చాడు. పదకొండోది రాగానే చప్పట్లు కొట్టి, అన్నకు ఫోను కలిపాడు. "అన్నా, సూపరొచ్చింది, నా పేరు ఎట్ల గుంజిందో చూడు టీచరమ్మ!" మిగిలిన పదకొండు పేర్లూ ఆ మాటల కిందనే గడిచిపోయాయి. తర్వాత మోత ఆగింది. దుర్గేష్ చెవికి ఫోను ఆనించుకునే, తల ఇటు తిప్పి అడిగాడు:

"ఆషర్‌ది వెట్టిండ్రా?"

"పెట్టాం," అంది గ్లోరియా. "డప్పు ఆపి పెట్టాం."

"ఖతర్నాక్! అన్న ఏడుస్తడు." ఫోనులోకి, "అన్నా, ఆళ్ల ఇంటి ముంగట ఆపుదం. ఫొటోకు దండ ఏద్దువు. వీడియో మంచిగొస్తది," అన్నాడు.

ఆదివారం ఆరాధన అయ్యాక రోసమ్మ కొడుకు ఫొటోను వరండాలోని కుట్టుమిషను మీద నిలబెట్టింది. దండ వేస్తామని శనివారమే మనిషి వచ్చి చెప్పి వెళ్లాడు. గ్లోరియా ఆమె పక్కన గేటు దగ్గర నిలుచుంది. నోవహు కూడా వచ్చాడు. రావద్దని ఎవరూ అనలేదు గానీ, గేటుకు లోపల నిలబడాలో బయట నిలబడాలో తేల్చుకోలేక చివరికి బయటికే వచ్చాడు. సాయంత్రం ఐదింటికి వాన వెలిసింది.

మొదట పాట రాలేదు. కిటికీ అద్దాల వణుకు వచ్చింది. ఆ తర్వాత మలుపు అవతలనుంచి దెబ్బ. మాటలు లేవు, ఉత్త దెబ్బ. నమ్మకం ఎంత గట్టిదో గ్లోరియాకు అప్పుడు అర్థమైంది. తాను పాడిన పాటే. సింహం ఎక్కడుందో కొండ ఎక్కడుందో తనకే తెలియలేదు. వీధి చివర కర్రీపాయింటు నడిపే వీరరాఘవమ్మ, గరిటె చేతిలో ఉండగానే మెట్టు దిగి చూస్తోంది. మేడల మీద జనం. పిల్లలు పిట్టగోడలెక్కారు.

దెబ్బ ఠక్కున ఆగింది.

ఆ ఖాళీలో, తడి గోడల మధ్య, ఆమె గొంతు ఒంటరిగా వచ్చింది. ఆషర్... రోసమ్మ కొడుకు... ఆడుతున్నవాళ్లు ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉంచి మళ్లీ దెబ్బ ఎప్పుడొస్తుందా అని నిలబడ్డారు. ఎవరో ఈల వేశారు. పడ్డంక సుత సంచి ఇడ్వలే. దెబ్బ తిరిగి అందుకుంది. చేతులు కిందికి దిగి, కాళ్లు లేచాయి.

పాట అయిపోయి మళ్లీ మొదలైంది. ర్యాలీల్లో ఒకే పాటను తిప్పి తిప్పి మోగిస్తారు. రాంగోపాల్‌పేట్‌లో బయల్దేరినప్పటినుంచి అది ఎన్నోసారో! లారీ మలుపు తిరిగి, గజం గజం ముందుకు వచ్చింది. రెండోసారి మోత ఆగినప్పుడు ఈల రాలేదు. మూడోసారి, పిట్టగోడ మీది పిల్లలు ఆ ఖాళీ కోసమే కాచుకుని ఉండి, గ్లోరియా గొంతుతో పాటు అరిచారు: "పడ్డంక సుత సంచి ఇడ్వలే!" అన్నిట్లోకీ పట్టుకోవడానికి తేలికైన పంక్తి అదే, మిగతావేవీ వినబడలేదు.

"అదేంటమ్మా?" అంది వీరరాఘవమ్మ, పక్కింటావిడతో, వీధంతా వినేట్టు. దెబ్బ మళ్లీ మొదలైనా ఆమె గొంతు దానికి తగ్గేది కాదు. "పడ్డాక కూడా వదల్లేదంటున్నారు. మరి సంచేమైనట్టు? కాకెత్తుకుపోయిందా?"

పక్కింటావిడ నవ్వబోయి, రోసమ్మ గేటు వైపు చూసి ఆగిపోయింది. ఆ ప్రశ్న ఆమె దగ్గరనుంచి ఎదురింటి మేడ మీదికి, అక్కడినుంచి ఆ పక్క మేడకు వెళ్లడం గ్లోరియా చూసింది. మాట వినబడే దూరం కాదు. తలలు ఒకదాని తర్వాత ఒకటి లారీ వైపునుంచి తిరిగి గేటు వైపుకు రావడం మాత్రం కనబడింది.

లారీ ఇంటి ముందు ఆగింది. ముందున్న జీపులోంచి పర్వతాలు దిగాడు. నలభై అయిదేళ్ల మనిషి, తెల్ల బట్టలు, మెడలో తనకు వేసిన దండలు ఇంకా అయిదారున్నాయి. చేతిలో ఫొటోకు తెచ్చిన బంతిపూల దండ. దుర్గేష్ ముందు నడుస్తూ ఫోన్లు పట్టుకున్నవాళ్లకు చోటు చూపిస్తున్నాడు. లారీ మీద బాక్సుల వెనక నిలబడ్డ డీజే నాగసాయికి చెయ్యి ఊపాడు: "యాదిల పెట్టు! ఆషర్‌ది ఒక్కటే పెట్టు!"

నాగసాయి పెట్టాడు. పన్నెండు బాక్సుల్లోంచి, ఏ దెబ్బా తోడు లేకుండా, ఆ మూడు పంక్తులూ వచ్చి ఆగిపోయాయి. వీధిలో ఇంజను చప్పుడు తప్ప మరేదీ లేదు. డ్రైవరు అది కూడా ఆపేశాడు.

పర్వతాలు తల వంచి, గేటు దగ్గరికి వచ్చి, "అమ్మా, మంచి పోరన్ని గన్నవ్," అన్నాడు.

రోసమ్మ గేటు తీయలేదు.

"సంచి ఎవరు తీసుకున్నారు బాబూ?"

"ఏం సంచమ్మా?"

"నీ పాటలో ఉందిగా. పడ్డాక కూడా వదల్లేదంట. నేను వెళ్లేసరికి ఆడి చేతులు ఖాళీ. ఎవరు తీసుకున్నారు?"

పర్వతాలు మొహంలో నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. అతను లారీ వైపు తిరిగి చెయ్యెత్తాడు. "కొట్టురా! డీజే, కొట్టు!"

నాగసాయి మీట మీద చెయ్యి పెట్టలేదు. కిందికి వంగి, అందరికీ వినబడేట్టే, కానీ చాలా మర్యాదగా అన్నాడు: "దండ ఇంక వెయ్యలే గదన్నా. ఫొటోకు దండ పడకముందు దెబ్బ కొట్టొద్దు. అరిష్టం."

అరిష్టమో కాదో గానీ, గుంపులో ఆ మాటను కాదనగలవాడు లేడు. చేతిలో దండతో పర్వతాలు, గేటు వెనక రోసమ్మ, మధ్యలో మూసిన గేటు. దండ వేస్తే గానీ డప్పు మోగదు. గేటు తీస్తే గానీ దండ వేయలేడు.

"తీస్తాను," అంది రోసమ్మ. "చెప్పు, తీస్తాను. ఎవరు తీసుకున్నారు?"

ఫోన్లన్నీ ఎత్తి ఉన్నాయి. పర్వతాలు మెడ తిప్పి దుర్గేష్ వైపు చూశాడు. ఆ చూపు రెండు క్షణాలకంటే ఉండదు. కానీ వీధి మొత్తం ఆ చూపు వెంట వెళ్లి దుర్గేష్ మీద ఆగింది.

దుర్గేష్ ఒకడుగు వెనక్కి వేశాడు. వెనక జీపు తగిలింది.

"నా దిక్కెందుకు జూస్తవన్నా?" అన్నాడు. గొంతు సన్నగా, బడిపిల్లవాడి గొంతులా ఉంది. "ముందుగాల సంచి తే, పోరని సంగతి తర్వాత జూద్దమని ఫోన్ల జెప్పింది నువ్వు గాదా?"

గ్లోరియా చేతిసంచి తెరిచి, పరీక్ష కాగితాల మధ్యనుంచి నాలుగు మడతల కాగితాన్ని తీసి, రోసమ్మ చేతిలో పెట్టింది. బంతిపూల దండ గేటు మీద వేలాడేసి పర్వతాలు జీపెక్కాడు. జీపు కదలడానికి చోటు లేదు; ముందు జనం, వెనక లారీ. నాగసాయి దిగి, బాక్సుల మీద తడి టార్పాలిన్ కప్పి, తాడు బిగించడం మొదలుపెట్టాడు. తీరిగ్గా, ముడి మీద ముడి వేస్తూ.

ఆ రాత్రి యుగంధర్ స్టూడియో షట్టర్ పగలగొట్టారు. కంప్యూటరు అతను ముందే ఇంటికి తీసుకుపోయాడు. ఆ తర్వాత ఏ అన్న కోసమూ సికింద్రాబాద్ కోయిలను ఎవరూ పిలవలేదు.

సోమవారం పదకొండు గంటలకు రోసమ్మ ఠాణాకు వెళ్లింది. వెంట గ్లోరియా, నోవహు, వీరరాఘవమ్మ, గ్లోరియాకు పేర్లు తెలియని, కొడుకులు అవే సంచులు మోసే మరో ముగ్గురు తల్లులు ఉన్నారు. అప్పటికి ఆ వీడియో ఎస్సై ఫోనులో కూడా ఉంది. దుర్గేష్ దస్తూరీతో ఉన్న కాగితాన్ని తీసుకుని రసీదు ఇచ్చారు. సాక్షి పేరు ఏమని రాయాలని, ఫిర్యాదు రాసుకుంటున్న రైటరు అడిగితే, గ్లోరియా తన అసలు పేరూ, బడి పేరూ, ఇంటి నంబరూ చెప్పింది. ఫిర్యాదు నమోదైంది. మధ్యాహ్నం రెండింటికి దాని నకలు రోసమ్మ చేతికి ఇచ్చారు. గ్లోరియా అక్కడే బెంచీ మీద కూర్చుని దాన్ని ఆమెకు చదివి వినిపించింది.

మృతుడి పేరు: ఆషర్. వయసు: పందొమ్మిది. ఘటన సమయంలో మృతుడి వద్ద ఉన్న వస్తువులు: ఒక సంచి.